ఆన్‌లైన్ ఎంట్రీల్లో స్విమ్మర్ల క్లబ్ సభ్యత్వాన్ని ఎలా నిర్ధారించుకోవాలి?

ప్రశ్న (పేరు: వర్తూరు ఎంట్రీలు)

అందరికీ నమస్కారం. బెంగళూరు తూర్పు వైపున వర్తూరు, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు పరిసరాల్లోని ఈత క్లబ్బులు కలిసి జరుపుకొనే అంతర్ క్లబ్ పోటీలకు ఎంట్రీల బాధ్యతను ఈసారి నాకు అప్పగించారు. ఈ ప్రాంతంలో పిల్లలను ఈతకు పంపే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక తెలుగులోనే అడుగుతున్నాను. అథ్లెటిక్స్‌లోనో బ్యాడ్మింటన్‌లోనో ఇటువంటి పని చేసినవారు కూడా దయచేసి స్పందించండి.

ఇంతకుముందు ప్రతి క్లబ్ కోచ్ తన పిల్లల పేర్లు, ఈవెంట్లు, పాత టైమింగులు ఒక ఎక్సెల్ షీటులో రాసి పంపేవారు. ఆ షీటు క్లబ్ నుంచే వచ్చింది కాబట్టి, అందులో ఉన్న పిల్లలు ఆ క్లబ్‌వారే అనడానికి వేరే రుజువు అవసరం ఉండేది కాదు. ఆన్‌లైన్ ఫారం వచ్చాక తల్లిదండ్రులే నేరుగా వివరాలు నింపి యూపీఐలో రుసుము కడుతున్నారు. కోచ్‌లకు పని తగ్గింది గాని, ఎంట్రీకీ క్లబ్‌కూ మధ్య ఉన్న బంధం తెగిపోయింది. ఫారంలో క్లబ్ పేరు అన్న గడిని ఎవరికి తోచినట్టు వారు నింపుతున్నందువల్ల ఒకే క్లబ్ పేరు పూర్తిగా, పొడి అక్షరాల్లో, అక్షరదోషాలతో రకరకాలుగా వచ్చి, టీమ్ ఛాంపియన్‌షిప్ పాయింట్లు చీలిపోతున్నాయి. వేసవిలో ఒక చోట కోచింగ్ తీసుకొని మరో చోట చేరిన పిల్లలు పాత క్లబ్ పేరే రాస్తున్నారు. అపార్ట్‌మెంట్ పూల్‌లో నేర్చుకొనేవారు అపార్ట్‌మెంట్ పేరే క్లబ్ పేరుగా ఇస్తున్నారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది రిలేల (ఒకే క్లబ్‌కు చెందిన నలుగురు ఒకరి తరువాత ఒకరు ఈదే జట్టు పోటీల) విషయం. ‘ఆ నలుగురిలో ఒకరు వారి క్లబ్ సభ్యుడు కాదు’ అని మరో క్లబ్ అభ్యంతరం చెబితే, పోటీకి సిద్ధమై స్టార్టింగ్ బ్లాక్ వెనుక నిలబడ్డ పిల్లవాడిని పక్కకు పిలిచి కాగితాలు అడగవలసి వస్తోంది. ఆ వయసు పిల్లలకు అది చాలా పెద్ద అవమానం. అటువంటి పరిస్థితి పూల్ గట్టు దాకా రాకుండా ఎంట్రీల దశలోనే ముగించాలన్నది నా కోరిక.

సభ్యత్వానికి రుజువుగా ఏది అడగాలి? భారత స్విమ్మింగ్ సమాఖ్య ప్రతి స్విమ్మర్‌కూ ఇచ్చే యూఐడీ (నమోదు సంఖ్య) ఒక్కటి సరిపోతుందా? డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్థితి మాకు లేదు గాని, కమిటీలో ప్రోగ్రామింగ్ తెలిసిన తల్లిదండ్రులు ఉన్నారు.

సమాధానం 1 (పేరు: ఎంట్రీ డెస్క్)

మీ ప్రశ్నలో నాలుగు విషయాలు ‘సభ్యత్వం’ అన్న ఒకే మాట కింద కలిసిపోయాయి. ఈ ఎంట్రీ ఇచ్చిన పిల్లవాడు తాను చెప్పిన వ్యక్తేనా అన్నది ఒకటి. అతని పేరు ఆ క్లబ్ జాబితాలో ఉందా అన్నది మరొకటి. ఉంటే, పోటీ నిబంధనలు చెప్పిన తేదీ నాటికి ఆ సభ్యత్వం చెల్లుబాటులో ఉందా అన్నది మూడోది. అసలు ఆ క్లబ్‌కు మీ పోటీలో జట్టుగా పాల్గొనే గుర్తింపు ఉందా అన్నది నాలుగోది, చాలామంది మరచిపోయేది కూడా ఇదే. యూఐడీ మొదటి ప్రశ్నకు మంచి సమాధానం ఇస్తుంది. మిగతా మూడింటికీ అది నమ్మదగిన సమాధానం కాదు, ఎందుకంటే నమోదు చేసుకున్న రోజున రాసిన క్లబ్ పేరు, పిల్లవాడు క్లబ్ మారిన తరువాత ఎవరైనా శ్రద్ధగా మార్పిస్తే తప్ప, అలాగే ఉండిపోతుంది.

మీరు తల్లిదండ్రుల నుంచి లేఖలు అప్‌లోడ్ చేయించుకునే దారిలోకి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర ఉన్న లేఖ ఫోటోను ఫోనులోనే మార్చేయవచ్చు. అది మార్చినదో కాదో ఎంట్రీలు ముగిసే రాత్రి వందల ఫోటోలు చూస్తున్న స్వచ్ఛంద కార్యకర్తకు తెలియదు. కోచింగ్ రుసుము రసీదు కూడా సభ్యత్వం కాదు. మన నగరంలో ఒక కోచ్ రెండు మూడు అపార్ట్‌మెంట్ పూల్స్‌లో పాఠాలు చెబుతూ, తన శిష్యుల్లో పోటీలకు వెళ్లేవారిని మాత్రం వేరే గుర్తింపు పొందిన క్లబ్ పేరున నమోదు చేయించడం మామూలే. ఆ తల్లిదండ్రుల చేతిలో ఉండే రసీదు అకాడమీది, పిల్లవాడు దిగే పూల్ అపార్ట్‌మెంట్‌ది, పోటీలో పేరు క్లబ్‌ది. పాత సభ్యత్వ క్లబ్బుల్లో ఇంకో చిక్కు ఉంది: సభ్యత్వం తండ్రి పేరున ఉంటుంది, పిల్లవాడికి ఉండేది డిపెండెంట్ కార్డు. ఏ కాగితం అడిగినా న్యాయంగా సభ్యులైన కొందరి దగ్గర అది ఉండదు, సభ్యులు కాని కొందరి దగ్గర దానిలాంటిది ఉంటుంది.

అందువల్ల సభ్యత్వం గురించి చెప్పవలసింది క్లబ్ మాత్రమే. ఎంట్రీలు తెరవడానికి ముందే ప్రతి క్లబ్ కార్యదర్శి నుంచి, లేదా ఆయన లిఖితంగా నియమించిన ఒక ప్రతినిధి నుంచి, సభ్యుల జాబితా తీసుకోండి. ఫారంలో క్లబ్ పేరు టైపు చేసే గడి తీసేసి, మీరు ఆమోదించిన క్లబ్బుల పేర్లు మాత్రమే కనిపించే డ్రాప్‌డౌన్ పెట్టండి. ప్రతి క్లబ్‌కూ ఒక చిన్న కోడ్ ఇవ్వండి, ఫలితాల దాకా అదే కోడ్ నడవాలి. పాయింట్లు చీలిపోయే సమస్య అక్కడితోనే తీరిపోతుంది. తల్లిదండ్రులు ఎంట్రీ నింపాక అది ‘క్లబ్ నిర్ధారణ కోసం వేచి ఉంది’ అన్న స్థితిలో ఉండాలి, క్లబ్ ప్రతినిధి ఒప్పుకున్న తరువాతే రుసుము కట్టే లింకు వెళ్లాలి. రుసుము ముందే తీసుకుంటే, తిరస్కరించిన ఎంట్రీలకు డబ్బు తిరిగి పంపే పనితోనే మీ వారం గడిచిపోతుంది.

సమాధానం 2 (పేరు: నాలుగో లేన్ అమ్మ)

పైన చెప్పిన పద్ధతి బాగానే ఉంది గాని, మా వంటి కుటుంబాల వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఉద్యోగ బదిలీ మీద బెంగళూరు వచ్చినవారి పిల్లల పేర్లు ఏ రెండు జాబితాల్లోనూ ఒకేలా ఉండవు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి బడిలో దానిని చివరికి తీసుకువెళ్తారు, లేకపోతే ఒక్క అక్షరానికి కుదిస్తారు, మరికొన్ని చోట్ల ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరు మొదటి అక్షరం చేర్చుతారు. లక్ష్మి వంటి పేరును ఆంగ్ల లిపిలో ఎన్ని విధాలుగా రాస్తారో అందరికీ తెలిసిందే. క్లబ్ జాబితాలోని పేరునూ ఎంట్రీలోని పేరునూ కంప్యూటరు అక్షరం అక్షరం పోల్చి సరిపోలేదని తిప్పికొడితే, తప్పేమీ చేయని పిల్లలే ముందుగా నష్టపోతారు. పేరు మీద ఆధారపడకుండా యూఐడీ, పుట్టిన తేదీ కలిపి చూడమని కోరుతున్నాను.

రెండోది ఇంకా ముఖ్యం. క్లబ్‌దే తుది మాట అన్నప్పుడు, క్లబ్ ఆ మాట చెప్పకుండా ఊరుకుంటే పిల్లల గతి ఏమిటి? మాకు తెలిసిన ఒక అమ్మాయి కోచ్‌తో పాటు క్లబ్ మారినప్పుడు పాత క్లబ్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వలేదు, ఇవ్వనని కూడా చెప్పలేదు. కొత్త క్లబ్ ఎన్ఓసీ లేనిదే తన జాబితాలో చేర్చలేనంది. ఆ సీజను మొత్తం ఆ అమ్మాయి సాధన చేస్తూనే ఉంది గాని పోటీకి దిగలేదు. పెద్దల మధ్య ఉన్న తగవులకు పన్నెండేళ్ల పిల్ల ఒక ఏడాది పోగొట్టుకోవడం ఎంత మాత్రం న్యాయం కాదు. మీరు కట్టబోయే పద్ధతిలో అటువంటి పిల్లలకు ఒక తలుపు తప్పనిసరిగా ఉండాలి. నిర్ణీత గడువులోగా క్లబ్ సమాధానం ఇవ్వకపోతే ఎంట్రీని ఆమోదించినట్టుగానే భావించాలని నా అభిప్రాయం.

సమాధానం 3 (పేరు: రిఫరీ కుర్చీ)

నాలుగో లేన్ అమ్మ గారి ఆవేదనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ తలుపు ఉండవలసిందే. అయితే క్లబ్ మౌనాన్ని ఆమోదంగా తీసుకోవడానికి నేను ఒప్పుకోలేను. అలా చేస్తే, ఏ సంబంధమూ లేని పెద్ద క్లబ్ పేరు పెట్టుకొని, ఆ కార్యదర్శి ఊళ్లో లేని వారం చూసి ఎంట్రీ ఇచ్చేవారు కూడా సభ్యులైపోతారు. ఆ క్లబ్ రిలే జట్టు మీద, పాయింట్ల మీద దాని ప్రభావం పడుతుంది.

దీనికి ఈత ప్రపంచంలో చాలాకాలంగా ఉన్న పరిష్కారం ఒకటి ఉంది. అమెరికాలో క్లబ్ మారిన స్విమ్మర్ నిర్ణీత కాలం పాటు ఏ క్లబ్‌కూ చెందని ‘అన్‌అటాచ్డ్’ హోదాలో ఈదుతారు. వ్యక్తిగత ఈవెంట్లలో వారికి అడ్డు లేదు, వారి టైమింగ్ నమోదవుతుంది. క్లబ్‌కు పాయింట్లు మాత్రం చేరవు, రిలేలో ఆ క్లబ్ తరఫున దిగరు. బ్రిటన్ అథ్లెటిక్స్‌లో ఒక పరుగువీరుడు ఒకటికంటే ఎక్కువ క్లబ్బుల్లో ఉండవచ్చు గాని, ‘ఫస్ట్ క్లెయిమ్’ అనే ప్రధాన క్లబ్ ఒక్కటే ఉంటుంది. ఈ రెండు ఆలోచనలూ మీకు పనికి వస్తాయి. క్లబ్ గడువులోగా స్పందించకపోతే ఎంట్రీని తిరస్కరించనూ వద్దు, ఆమోదించనూ వద్దు. క్లబ్ లేని స్విమ్మర్‌గా మార్చి ఈదనివ్వండి. పిల్లవాడి సాధన వృథా పోదు, క్లబ్బుల లెక్కా చెడదు.

రిలే అభ్యంతరాల గురించి కూడా చెబుతాను. అంతర్జాతీయ ఈత సమాఖ్య అయిన వరల్డ్ ఆక్వాటిక్స్ నిబంధనల ప్రకారం నిరసనను ఈవెంట్ ముగిసిన 30 నిమిషాల లోపల లిఖితంగా రిఫరీకి ఇవ్వాలి. కాని నిరసనకు కారణం పోటీకి ముందే తెలిసి ఉంటే, స్టార్ట్ సంకేతానికి ముందే ఇవ్వాలి. క్లబ్ సభ్యత్వం నీటిలో దిగాక తెలిసే సంగతి కాదు. కాబట్టి క్లబ్బుల వారీగా ఎంట్రీల జాబితాను పోటీకి కొన్ని రోజుల ముందే అన్ని క్లబ్బులకూ పంపి, సభ్యత్వం మీద అభ్యంతరాలకు ఒక గడువు పెట్టండి. ఆ గడువు దాటితే ఆ అంశం మీద అభ్యంతరం తీసుకోబోమని నిబంధనల్లోనే రాయండి. బ్లాక్ వెనుక నిలబడ్డ పిల్లవాడిని పక్కకు పిలవవలసిన అవసరం సాధ్యమైనంతవరకు ఆ దశలోనే తొలగిపోతుంది. రిలేలో ఈదే నలుగురి పేర్లూ, వారి వరుసా పోటీకి ముందే ఇవ్వాలన్న నియమం ఎలాగూ ఉంది. ఆ పేర్లను నిర్ధారణ అయిన సభ్యుల జాబితా నుంచి మాత్రమే ఎంచుకునేలా ఫారం ఉండాలి.

సమాధానం 4 (పేరు: సర్వర్ గది)

సాంకేతిక వైపు నుంచి రాస్తున్నాను. ఈత పోటీల సాఫ్ట్‌వేర్ల మధ్య ఎంట్రీలను మార్చుకోవడానికి లెనెక్స్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఒకటి వాడుకలో ఉంది. పోటీల నిర్వహణకు వాడే స్ప్లాష్ మీట్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ దానిని చదువుతుంది. ఆ ఫైలు నిర్మాణం చూస్తే పోటీ కింద క్లబ్బులు, క్లబ్ కింద స్విమ్మర్లు, స్విమ్మర్ కింద అతని ఎంట్రీలు ఉంటాయి. క్లబ్‌కు కోడ్, స్విమ్మర్‌కు లైసెన్స్ సంఖ్య రాసే చోట్లు కూడా ఉన్నాయి. ఈత పోటీ అంటే మొదటి నుంచీ క్లబ్ ద్వారా వచ్చే ఎంట్రీ అన్న అవగాహనతోనే దానిని కట్టారు. తల్లిదండ్రుల చేతికి నేరుగా ఇచ్చిన ఖాళీ ఫారం ఆ వరుసను తిరగేస్తుంది. కాబట్టి మీ డేటాబేస్‌లో కూడా ముందు క్లబ్ పట్టిక, దానికి అనుబంధంగా సభ్యత్వ పట్టిక, ఆ తరువాతే ఎంట్రీల పట్టిక ఉండాలి. సభ్యత్వ పట్టికలో యూఐడీ, క్లబ్ కోడ్, మొదలైన తేదీ, ముగిసే తేదీ, నిర్ధారించిన ప్రతినిధి ఎవరు, ఎప్పుడు అన్నవి ఉంటే చాలు. ఒకే యూఐడీ ఒకే కాలానికి రెండు క్లబ్బుల కింద వస్తే, కంప్యూటరు తనంతట తాను తీర్పు చెప్పకుండా ఆ వరుసను మీ ముందు పెట్టాలి.

క్లబ్ మొత్తానికి ఒకే రహస్య కోడ్ ఇచ్చి, అది తెలిసినవారంతా సభ్యులే అనుకోవడం చాలామంది వాడే దగ్గరి దారి. ఆ కోడ్ ఆ సాయంత్రానికే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, అక్కడి నుంచి క్లబ్ వదిలి వెళ్లినవారికీ చేరుతుంది. ఇవ్వదలచుకుంటే ప్రతి స్విమ్మర్‌కూ వేరుగా, ఒక్కసారి మాత్రమే పనిచేసే లింకు, క్లబ్ దగ్గర నమోదైన ఫోనుకే వెళ్లేలా ఇవ్వండి.

పిల్లల వివరాల విషయంలో మిమ్మల్ని అర్థిస్తున్నాను, దయచేసి దీనిని చివరికి వదలకండి. యూఐడీ కొట్టగానే పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, క్లబ్ తెర మీద కనిపించే ఫారాలు నేను చూశాను. సంఖ్యలను వరుసగా మారుస్తూ పోతే ఎవరైనా వందల మంది పిల్లల వివరాలు పోగు చేయగలరు. యూఐడీ, పుట్టిన తేదీ రెండూ అడగండి. రెండూ సరిపోతే ‘సరిపోయింది’, లేకపోతే ‘సరిపోలేదు’ అన్న ఒక్క మాట మాత్రమే చూపండి. ఏది తప్పో చెప్పవద్దు. కొన్ని ప్రయత్నాల తరువాత కాసేపు ఆపేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. సభ్యత్వం తెలుసుకోవడానికి ఆధార్ ప్రతి అవసరమే లేదు. పుట్టిన తేదీకి కూడా అది సరైన రుజువు కాదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో ఆధార్‌లోని తేదీని పక్కనపెట్టి బడి ధ్రువపత్రంలోని తేదీనే తీసుకుంది. మీకు ఉపయోగపడని కాగితాన్ని తీసుకోకపోతే దానిని కాపాడే భారమూ ఉండదు.

సమాఖ్య వెబ్‌సైట్ నుంచి పిల్లల వివరాలను ప్రోగ్రాముతో లాగుకోవాలని మీ కమిటీలో ఎవరికైనా ఆలోచన వస్తే వద్దని చెప్పండి. అవసరమైతే రాష్ట్ర సంఘానికి లేఖ రాసి అనుమతితో తీసుకోండి.

మళ్లీ ప్రశ్న వేసినవారు (పేరు: వర్తూరు ఎంట్రీలు)

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. క్లబ్ జాబితా ముందుగా తీసుకోవడం, యూఐడీతో పాటు పుట్టిన తేదీ చూడటం, గడువు దాటితే క్లబ్ లేని స్విమ్మర్‌గా ఈదనివ్వడం అన్న మూడింటికీ నేను సిద్ధమే. నాలుగో లేన్ అమ్మ గారు సూచించినట్టు మౌనాన్ని ఆమోదంగా తీసుకోవడం మాత్రం రిలేల దృష్ట్యా కష్టమనిపిస్తోంది.

రెండు సందేహాలు మిగిలాయి. క్లబ్ లేని స్విమ్మర్ వ్యక్తిగత ఈవెంట్‌లో మొదటి స్థానంలో వస్తే ఆ పాయింట్లు ఏమవుతాయి? ఎంట్రీలు ముగిశాక, పోటీకి ముందు ఎవరైనా క్లబ్ మారితే ఏం చేయాలి?

సమాధానం 5 (పేరు: నాలుగో లేన్ అమ్మ)

రిఫరీ గారు చెప్పిన క్లబ్ లేని స్విమ్మర్ హోదాకు నేను అంగీకరిస్తున్నాను, ఒక షరతు మీద. ఆ హోదాలో ఈదే పిల్లలకు పతకం, ధ్రువపత్రం, హీట్‌లో తన టైమింగుకు తగిన లేన్ అందరితో సమానంగా ఉండాలి. స్టార్ట్ లిస్టులో క్లబ్ గడి ఖాళీగా వదిలి, ఆ పిల్ల ఎవరో దారి తప్పి వచ్చినట్టు కనిపించేలా చేయకండి. అలాగే, ఈ దారి ఉందన్న సంగతి ఫారం మొదటి పేజీలోనే తల్లిదండ్రులకు కనిపించాలి. మా అమ్మాయి స్నేహితురాలికి అప్పుడు ఎవరూ ఇటువంటి మాట చెప్పలేదు.

సమాధానం 6 (పేరు: ఎంట్రీ డెస్క్)

మీ మొదటి సందేహానికి: పతకం పిల్లవాడిది, పాయింట్లు ఎవరివీ కావు. రెండో స్థానంలో వచ్చినవారికి మొదటి స్థానం పాయింట్లు ఇవ్వాలని కొందరు పట్టుబడతారు, ఇంకొందరు వద్దంటారు. రెండు పద్ధతులూ నడిచేవే గాని, ఏది పాటిస్తారో ఎంట్రీలు తెరవడానికి ముందే రాసి ఉండాలి. నేనైతే రెండో స్థానానికి రెండో స్థానం పాయింట్లే ఇస్తాను, ఎందుకంటే ఆ క్లబ్ స్విమ్మర్ నిజంగా చేరుకున్నది ఆ స్థానానికే.

రెండో సందేహానికి: ఎంట్రీలు ముగిసే తేదీ నాటి సభ్యత్వమే లెక్క. ఆ రాత్రి సభ్యత్వ పట్టికను ఒక ప్రతి తీసి విడిగా భద్రపరచండి. ఆ తరువాత క్లబ్ మారినా ఈ పోటీ వరకు పాత క్లబ్ పేరే నిలుస్తుంది. పాత క్లబ్ తరఫున ఈదడం ఇష్టం లేకపోతే క్లబ్ లేని స్విమ్మర్‌గా ఈదవచ్చు. కొత్త క్లబ్ పేరు మాత్రం వచ్చే పోటీ నుంచే.

సర్క్యులర్‌లో పెట్టడానికి వాక్యాలు రాసి ఇస్తున్నాను, మీ కమిటీ చూసి మార్చుకోవచ్చు: “ఎంట్రీలు ముగిసే తేదీ నాటికి గుర్తింపు పొందిన క్లబ్ సభ్యుల జాబితాలో ఉండి, ఆ క్లబ్ ప్రతినిధి నిర్ధారించిన స్విమ్మర్లు మాత్రమే క్లబ్ తరఫున పాయింట్లకూ, రిలేలకూ అర్హులు. గడువులోగా నిర్ధారణ అందని స్విమ్మర్లు క్లబ్ లేని హోదాలో వ్యక్తిగత ఈవెంట్లలో పాల్గొనవచ్చు. వారికి పతకాలు, ధ్రువపత్రాలు ఇతరులతో సమానంగా ఇవ్వబడతాయి. సభ్యత్వంపై అభ్యంతరాలను ఎంట్రీల జాబితాలో ప్రకటించిన గడువులోగా, లిఖితంగా, క్లబ్ కార్యదర్శి ద్వారా మాత్రమే పంపాలి.”

దీనిని కన్నడంలోనూ ఆంగ్లంలోనూ కలిపి పంపండి. క్లబ్ ఆఫీసుల్లో జాబితాలు చూసే సిబ్బందిలో ఎక్కువమంది కన్నడంలో చదివేవారే. వారికి అర్థమైతే నిర్ధారణలు గడువుకు ముందే వస్తాయి.